ఫెర్రీ, క్రూజ్ రెండూ అయిన నార్వే తీరపు ఓడలో ప్రయాణం ఎలా ఉంటుంది?

మామూలు క్రూజ్ అనుకుని ఎక్కితే నిరాశే. ఇది ముందు రవాణా ఓడ, తర్వాతే విహార నౌక. 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మొదలుపెట్టిన ఈ సర్వీసు పేరు హుర్టిగ్రూటెన్, అంటే వేగమార్గం. 2021 నుంచి హవిలా కంపెనీ ఓడలు కూడా ఇదే దారిలో తిరుగుతున్నాయి.

దక్షిణాన బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరున్న కిర్కెనెస్ దాకా వెళ్లి రావడానికి 12 రోజులు. ఈ రెండింటితో కలిపి దారిలో 34 రేవులు. కొన్నిచోట్ల పావుగంటే ఆగుతుంది, ట్రోండ్‌హైమ్ లాంటి ఊళ్లలో దిగి తిరగడానికి కొన్ని గంటలు దొరుకుతాయి. అర్ధరాత్రి కూడా సరుకు ఎక్కిస్తారు, దించుతారు. ఆ చప్పుడుకు నిద్ర చెడుతుందని టెన్షన్ ఉంటే లోడింగ్ జరిగే చోటికి దూరంగా ఉన్న క్యాబిన్ అడగండి.

క్యాసినోలు, పెద్ద పెద్ద షోలు ఉండవు. పక్క ఊళ్లో దిగిపోయే స్థానికులు మీ పక్కనే కూర్చుంటారు. నాకైతే ఈ ప్రయాణంలో అసలు అందం అదే.

వీలైతే రానూపోనూ టికెట్ తీసుకోండి. వెళ్లేటప్పుడు రాత్రి దాటిన రేవులు చాలావరకు వచ్చేటప్పుడు పగలు కనిపిస్తాయి. అన్ని రోజులు కుదరకపోతే రెండు రేవుల మధ్య ప్రయాణానికి కూడా టికెట్ ఇస్తారు.

ధ్రువకాంతుల (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగుల) కోసమైతే సెప్టెంబరు చివరి నుంచి మార్చి లోపు వెళ్లండి. దారి ఎక్కువగా దీవుల చాటునే సాగుతుంది కానీ, హుస్టాడ్‌వికా అనే చోట ఆ చాటు లేని బహిరంగ సముద్రం, ఓడ ఊగొచ్చు. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర ముందే వేసుకోండి.