ఆ పిల్ల చేతులు ఎక్కడున్నాయి?

కడప

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, కథ మొన్న అందాయి. కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కువైట్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసి తిరిగొస్తున్న తల్లి, ఆమె కోసం కడప బస్టాండులో అవ్వతో, అదే జేజితో, కలిసి నిలబడిన పదేళ్ళ కూతురు. ఇది రాయాల్సిన కథ. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్నో మనకు తెలుసు. వాళ్ళ గురించి రాసేవాళ్ళు ఎక్కువగా డబ్బు గురించి, ఏజెంట్ల గురించి రాస్తారు. నువ్వు ఆ పిల్లను చూశావు. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతోంది, ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. “మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ ముఖమూ ఒళ్ళూ చెబుతాయని మా క్లాసులో చెప్పారు. అందుకే సంభాషణలు తగ్గించి హావభావాలు పెంచాను” అన్నావు. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1967లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ మెహ్రేబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు రెండు ప్రయోగాలు చేశారు. అందులో ఒకదాంట్లో ‘బహుశా’ అనే అర్థమున్న ఒకే ఒక్క ఇంగ్లిష్ మాటను రకరకాల గొంతులతో వినిపించి, రకరకాల ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటి మనిషంటే ఇష్టమా, అయిష్టమా అని అడిగారు. రెండు ప్రయోగాల ఫలితాలనూ కలిపితే మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55 అన్న లెక్క వచ్చింది. ఇష్టాయిష్టాల విషయంలో, మాట ఒకటి చెప్పి ముఖం ఇంకొకటి చెప్పినప్పుడు జనం దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. అన్ని మాటలకూ ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు. రేపు పొద్దున ఆరున్నరకు రాయచోటి బస్సు ఉందన్న సంగతిని ఎంత గొప్ప నటుడైనా కనుబొమలతో చెప్పలేడు కదా.

అయితే ఆ ప్రయోగంలో కథకులకు పనికొచ్చేది ఒకటుంది. మాటా ముఖమూ వేరువేరు దారుల్లో పోయినప్పుడే మనం ఆ మనిషిని పరీక్షగా చూస్తాం. రెండూ ఒకటే చెబుతుంటే చూడాల్సిన పని ఉండదు. నీ కథలో జరిగింది అదే. “నాకు చాలా సంతోషంగా ఉంది” అని తల్లి అంటుంది, వెంటనే ఆమె కళ్ళు ఆనందంతో మెరుస్తాయి. “నాకు భయమేస్తోంది” అని పిల్ల అంటుంది, వెంటనే ఆమె పెదవులు వణుకుతాయి. నోరు చెప్పిందాన్నే ఒళ్ళు మళ్ళీ చెబుతోంది. తొమ్మిది పేజీల్లో కళ్ళు చెమర్చడం పదకొండు సార్లు వచ్చింది. పెన్సిల్‌తో గీతలు పెట్టి పంపుతున్నాను, నువ్వే లెక్క చూసుకో.

నా చిన్నప్పుడు మా నాయన నన్ను పశువుల సంతకు తీసుకుపోయేవాడు. ఎద్దుల బేరం ఎలా జరుగుతుందో అక్కడ చూశాను. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపేవాళ్ళు, పైన తువ్వాలు కప్పేవాళ్ళు. ధర మొత్తం ఆ తువ్వాలు కింద వేళ్ళే మాట్లాడేవి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలు. చుట్టూ నిలబడిన వాళ్ళకు ఆ లెక్క తెలియకూడదు. చేతులు అలా బేరమాడుతుంటే నోళ్ళు మాత్రం వానల గురించి, కూతురి పెళ్ళి గురించి, ఫలానా ఊరి జాతర గురించి మాట్లాడేవి. మా నాయన నవ్వుతూ “ఈసారి మీ పక్క వానలెట్లుండాయి?” అని అడుగుతూనే తువ్వాలు కింద ఎదుటివాడి వేలిని ఒకదాన్ని వదిలేసేవాడు. ఎదుటివాడి ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు, తువ్వాలు మాత్రం ఒకసారి కదిలేది. సంభాషణ రాయడం నేను అక్కడ నేర్చుకున్నాను. నీ పాత్రల నోళ్ళను వానల గురించి మాట్లాడనివ్వు. బేరం తువ్వాలు కింద జరగాలి.

పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ అనే ఇద్దరు 1969లో మనిషి చేసే సైగలను కొన్ని రకాలుగా విడదీశారు. నీ పాఠాల్లో ఉండే ఉంటుంది. సంతలో వేళ్ళలాంటివి ఒక రకం, వాటికి రెండు పక్షాలూ ఒప్పుకున్న అర్థం ఉంటుంది. మాటకు తోడుగా గాల్లో కదిలే చేతులు ఇంకో రకం. ఎదుటివాళ్ళ మాట సాగడానికి మనం చేసేవి మరో రకం. దీనికి నేను ఊఁ కొట్టడాన్ని చెబుతాను. మా జేజి కథ చెబుతుంటే నేను ఊఁ అనడం ఆపిన మరుక్షణం “నిద్దరపోయినావా?” అని కథ ఆపేసేది. చివరి రకం, తెలియకుండానే చేసుకునేవి. కొంగు మెలిపెట్టడం, మెటికలు విరవడం, గోరు కొరకడం. కొత్తగా రాసేవాళ్ళు ఈ చివరి రకాన్నే తెగ వాడతారు. నీ కథలో కూడా ముగ్గురు ఆడవాళ్ళూ కొంగే మెలిపెడుతున్నారు.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యానికి వస్తాను. “మేనమామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని మనసు మూసుకుపోయిందని ఆమెకు అర్థమైంది.” ఇది మన దగ్గర పుట్టిన వాక్యం కాదు పాపా. శరీరభాష నేర్పుతామనే ఇంగ్లిష్ పుస్తకాల్లో అలా రాసి ఉంటుంది, చేతులు కట్టుకుంటే తలుపు వేసుకున్నట్టు అని. మన ఊళ్ళో చేతులు కట్టుకోవడం అంటే ఏమిటి? బళ్ళో పంతులు ముందు కట్టుకుంటాం. గుళ్ళో దేవుడి ముందు కట్టుకుంటాం. అప్పు అడగడానికి పోయినవాడు షావుకారు ముందు కట్టుకుంటాడు. ఆ షావుకారే తన ఇంటి గడపలో చేతులు కట్టుకుని నిలబడితే దానికి వేరే అర్థం. ఒక్కటే భంగిమ, ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి వినయమో, భయమో, అహంకారమో అవుతుంది. కాబట్టి చేతులు ఎలా ఉన్నాయన్నది రాసే ముందు ఎవరి ముందు ఉన్నాయో రాయి.

కళ్ళ సంగతీ ఇంతే. అబద్ధం చెప్పేవాళ్ళు కళ్ళల్లోకి చూడరని నీ కథలో జేజి కనిపెడుతుంది. 58 దేశాల్లో జనాన్ని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఈ మాటే. 2006లో ఆ పరిశోధన అచ్చయింది. అదే ఏడాది బాండ్, డిపాలో అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలు ఎన్నో కలిపి చూశారు. మనుషులు అబద్ధాన్నీ నిజాన్నీ సరిగ్గా గుర్తుపట్టింది సగటున 54 శాతం. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. అంటే కళ్ళను చూసి మనసు చదివేశామని అందరం నమ్ముతాం, చాలాసార్లు తప్పు చదువుతాం. పైగా మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముందు కళ్ళు దించుకోమని పిల్లలకు మనమే నేర్పుతాం. జేజి తప్పు చదివితే? తలదించుకున్న మనవరాలిని అబద్ధమాడుతోందని తిడితే? అక్కడ నీకు మంచి సన్నివేశం దొరుకుతుంది.

దూరాల గురించి కూడా చెప్పాలి. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా మానవశాస్త్రవేత్త 1966లో రాసిన పుస్తకంలో మనుషుల మధ్య దూరాన్ని నాలుగు వలయాలుగా చెప్పాడు. అడుగున్నర లోపల ఆత్మీయులు, నాలుగడుగుల దాకా తెలిసినవాళ్ళు, పన్నెండు అడుగుల దాకా పనిమీద కలిసేవాళ్ళు, ఆపైన సభలూ ఉపన్యాసాలూ. ఆ కొలతలు ఎక్కువగా అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వాళ్ళను చూసి తీసుకున్నవని, అందరికీ సరిపోవని ఆయనే రాశాడు. మన పల్లెల్లో దూరాన్ని చనువు ఒక్కటే కొలవదు. అరుగు మీద ఎవరు కూర్చుంటారు, అరుగు కింద ఎవరు నిలబడతారు, తువ్వాలు భుజం మీద ఉందా, నడుముకు వచ్చిందా, చెప్పులు కాళ్ళకున్నాయా, చేతిలో ఉన్నాయా, ఇవన్నీ కులం పెట్టిన కొలతలు. నా చిన్నతనంలో మా ఇంటి ముందు ఒక ముసలాయన ఎండలో నిలబడి మాట్లాడేవాడు. నీడ రెండడుగుల దూరంలోనే ఉండేది. ఆయన ఎందుకు నీడలోకి రాడని నేను అడిగితే పెద్దవాళ్ళు జవాబు చెప్పలేదు, మాట మార్చారు. ఆ రెండడుగుల గురించి ఒక కథ రాయాలని యాభై ఏళ్ళుగా అనుకుంటున్నాను. నువ్వు కులం పేరు ఎత్తకుండానే ఆ రెండడుగులు రాయగలిగితే చదివేవాళ్ళకు అంతా తెలుస్తుంది.

మా అమ్మ సంగతి ఒకటి చెబుతాను. శెనక్కాయ పంట నిలువునా ఎండిపోయిన ఏడాది విత్తనాలకు అప్పిచ్చినాయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ నవ్వుతూ ఎదురుపోయింది, మంచం వాల్చింది, మజ్జిగ ఇచ్చింది. “ఇంట్లో అందరూ బాగుండారా అన్నా?” అని అడిగింది. ఆయన పోయేదాకా ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది. కానీ ఆయన కూర్చున్నంతసేపూ అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. అవి పొద్దునే ఏరిన బియ్యం. నేనే దగ్గర కూర్చుని రాళ్ళు తీశాను. ఏరిన బియ్యాన్ని ఆమె మళ్ళీ ఎందుకు ఏరుతోందో ఆ వయసులో నాకు అర్థం కాలేదు, కానీ భయం వేసింది.

1972లో ఫ్రీసెన్ జపాన్, అమెరికా విద్యార్థులకు చూడలేని దృశ్యాలున్న సినిమాలు చూపించాడు. ఒంటరిగా చూస్తున్నప్పుడు రెండు దేశాల వాళ్ళ ముఖాలూ దాదాపు ఒకేలా ముడుచుకున్నాయి. ప్రయోగం చేసే మనిషి గదిలో ఉన్నప్పుడు జపాన్ విద్యార్థులు చిరునవ్వుతో కప్పుకున్నారు. ఎవరి ముందు ఏం చూపించాలి, ఏం దాచాలి అనేది ప్రతి సమాజమూ పిల్లలకు నేర్పుతుందని ఆ పరిశోధకులు అన్నారు. అది చదివినప్పుడు నాకు మా అమ్మ చేట గుర్తొచ్చింది. ముఖానికి నేర్పించారు, చేతులకు నేర్పించలేకపోయారు.

మాటల మధ్య ఖాళీని కూడా నువ్వు వదిలేశావు. పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత సేపు పడుతుందో కొందరు కొలిచి 2009లో ప్రచురించారు. సగటున సెకనులో ఐదో వంతు. అంత తక్కువ. ఆ భాషలన్నిట్లోనూ ‘అవును’ త్వరగా వచ్చింది, ‘కాదు’ కొంచెం ఆలస్యమైంది. నీ కథలో పిల్ల ఫోన్లో “అమ్మా, ఈ సంక్రాంతికి వస్తావా?” అని అడుగుతుంది. తల్లి వెంటనే “లేదు పాపా, సేట్ లీవు ఇవ్వలేదు” అంటుంది. వెంటనే ఎలా అంటుంది? ఆ తల్లి ముందు “తిన్నావా?” అని అడుగుతుంది. లేదా “జేజి కాళ్ళ నొప్పులు ఎట్లుండాయి?” అంటుంది. ఆ అడ్డదారిలోనే పిల్లకు జవాబు తెలిసిపోతుంది. ఆరేళ్ళుగా ఫోన్లోనే పెరిగిన పిల్ల ఆ ఖాళీని చదవడంలో మనందరికంటే నేర్పరి.

మన పాతవాళ్ళు కూడా ఇదంతా ఆలోచించారు. నాట్యశాస్త్రంలో అభినయాన్ని నాలుగుగా చెప్పారు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఒళ్ళు, మాట, వేషం మనం అనుకున్నట్టు వింటాయి. సాత్త్వికం లోపల నుంచి రావాలి. చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు తగ్గడం, కన్నీళ్ళు లాంటి ఎనిమిది. నువ్వు ప్రతి పేజీలో నేరుగా ఈ ఎనిమిదింటి దగ్గరికి పరిగెత్తుతున్నావు. వాటిని దాచిపెట్టు. కథ మొత్తంలో ఒక్కసారి వాడు.

ఇక బస్టాండు సీను. చెన్నై బస్సు ఆగుతుంది, తల్లి దిగుతుంది, పిల్ల పరిగెత్తిపోయి కౌగిలించుకుంటుంది, ఇద్దరూ ఏడుస్తారు. అమ్మాయీ, ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు తల్లి కువైట్ పోయింది. ఆమెకు తెలిసిన అమ్మ ఒక గొంతు, ఫోన్లో అరచేయంత ముఖం. అమ్మ ఎంత ఎత్తో తెలియదు. నడక తెలియదు. వాసన తెలియదు. అంత దగ్గరి మనిషికి ఒళ్ళు మాత్రం కొత్త. ఆ పిల్ల పరిగెత్తదు. జేజి కొంగు పట్టుకుని సగం వెనక్కి పోతుంది. “అమ్మా” అనడానికి గొంతు రాకపోతే “బ్యాగు నేను మోస్తా” అంటుంది. అలాంటి మాటే అంటుంది.

నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. నువ్వు దాని పక్కనుంచి వెళ్ళిపోయావు. వీడియో కాల్లో తల్లి “ఎంత ఎత్తయినావు?” అని అడిగితే పిల్ల చెయ్యి తల మీద పెట్టి చూపిస్తుంది, కానీ ఆ చెయ్యి ఫోన్లో పడదు. ఈ కథలో అన్నిటికంటే మంచి వాక్యం అదే. దాన్ని చివరిదాకా మోసుకురా. బస్సు దిగిన తల్లి చెయ్యి ముందు ఎక్కడికి పోతుంది? నాలుగేళ్ళ పిల్ల తల ఉండే ఎత్తుకు పోతుంది. అక్కడ తల ఉండదు. ఆ చెయ్యి పైకి రావాలి. ఎంతసేపట్లో వస్తుందో, మధ్యలో దేన్ని తాకుతుందో నువ్వే చూడు.

వీలైతే రెండు రోజులు ఊరికే బస్టాండులో కూర్చో. వినకు, చూడు. ఉగాది నాడు దేవుని కడప గుడి దగ్గర కూడా నిలబడు. ఆ రోజు ముస్లిం కుటుంబాలు గుడికి వస్తాయి కదా, గడప దగ్గర వాళ్ళు ఎలా ఆగుతారో, పూజారి ఎలా పలకరిస్తాడో గమనించు. పుస్తకాలు కావాలంటే ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

తిరగరాసింది నెల లోపల పంపు. మొత్తం కథ వద్దు, బస్టాండు సీను ఒక్కటి చాలు. ఇంకొకటి, బస్సు వచ్చాక నీ కథలో జేజి కనిపించకుండా పోయింది. ఆరేళ్ళు ఆ పిల్లను సాకింది ఆమె. కొంగు పట్టుకున్న పిల్ల దాన్ని వదిలినప్పుడు జేజి ఏ పక్క నిలబడి ఉందో, చేతులు ఏం చేసుకుందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ కడప అమ్మ