పాత అంబాసిడర్ రేకు పనికి ఎంత కూలి అడగాలి?

ప్రశ్న: నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్‌గా పనిచేస్తున్నాను. ఎనిమిది గంటల పనికి రోజుకు 1,000 రూపాయలు ఇస్తారు. వరసకు బావ అయ్యే ఒకాయన 1969 నాటి అంబాసిడర్ మార్క్ 2 కారు కొని, దాన్ని పాత రూపానికి తెచ్చుకుంటున్నారు. సాయంత్రాలూ ఆదివారాలూ ఆయన ఇంటికి వెళ్లి, ముందు సీట్ల కింది నేల రేకునూ, రెండు వైపులా తలుపుల కింద ఉండే సిల్ రేకునూ మార్చాను. సుమారు 40 గంటలు పట్టింది. మిగ్ యంత్రం (తీగతో, గ్యాసుతో అతికే వెల్డింగ్ యంత్రం) నాదే. తీగకూ గ్యాసుకూ డిస్కులకూ 1,600 రూపాయలు నేనే పెట్టుకున్నాను. మొదట్లో ధర మాట ఎత్తితే ‘చూసుకుందాంలే’ అన్నారు. పని అయ్యాక మెచ్చుకుని 4,000 రూపాయలు చేతిలో పెట్టారు. ఇంకా డిక్కీ నేల, ముందు చక్రాల పైరేకులు మిగిలి ఉన్నాయి. ఎంత అడిగితే న్యాయంగా ఉంటుంది? బంధుత్వం చెడకుండా ఎలా అడగాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందుగా మీకు నిజంగా ముట్టినదెంతో చూడండి. వచ్చిన 4,000లో మీరు పెట్టిన 1,600 తీసేస్తే మిగిలేది 2,400 రూపాయలు, అంటే గంటకు 60 రూపాయలు. షెడ్డులో మీ గంట విలువ 125 రూపాయలు. పగలంతా ఒళ్లు అలసిన తర్వాత, సొంత యంత్రంతో, అంతకంటే సున్నితమైన పని చేసి మీరు సగం కూలి కూడా తీసుకోలేదు. మీ బావగారు మిమ్మల్ని మోసం చేశారని నేను అనుకోవడం లేదు. ఆ పనిలో ఎన్ని గంటల శ్రమ దాగి ఉందో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పవలసింది మీరే.

కారు రేకు పనిలో మంట వెలిగే సమయం చాలా తక్కువ. చూసేవారికి మాత్రం అదే పనిగా కనిపిస్తుంది. లారీ బాడీకి వాడే యాంగిల్ ఇనుము మందంగా ఉంటుంది కాబట్టి వేడిని తట్టుకుంటుంది, కానీ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే కారు రేకు, అందులోనూ యాభై ఏళ్లుగా తుప్పు తిన్న రేకు, కరెంటు కాస్త ఎక్కువైతే చిల్లు పడుతుంది, ఒకేచోట ఆపకుండా అతికితే వంకర తిరుగుతుంది. అందుకే మంచి వెల్డర్ ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెడుతూ, మధ్యలో రేకును చల్లారనిస్తూ వస్తాడు. అంతకు ముందు పాత పుట్టీ, తారుపూత గీకి గట్టి రేకు ఎక్కడ మొదలవుతుందో వెతకాలి, కుళ్లిన మేర కోయాలి, అట్టముక్కతో కొలత తీసి కొత్త రేకును వంచి, పెట్టి చూసి, తీసి, మళ్లీ వంచాలి. తర్వాత అతుకును గ్రైండ్ చేసి, ప్రైమర్ పట్టించి, నీరు దూరకుండా సీలెంట్ పెట్టాలి. ఇవన్నీ కూలి రావలసిన గంటలే. అంగుళానికింత, అడుగుకింత అని అతుకు పొడవును బట్టి ధర చెప్పే పద్ధతి గేట్లకూ గ్రిల్స్‌కూ సరిపోవచ్చు గానీ, పాత కారుకు అది వెల్డర్‌ను ముంచుతుంది.

ఇక రేటు. షెడ్డులో వచ్చే గంట కూలి మీకు కింది హద్దు. దానికి తగ్గి పనిచేయవలసిన అవసరం ఎవరి కోసమూ లేదు. పై హద్దుకు చట్టంలో ఒక ఆధారం దొరుకుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 59వ సెక్షన్ రోజుకు 9 గంటలకు గానీ వారానికి 48 గంటలకు గానీ మించి చేసిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలంది; కొత్త లేబర్ కోడ్ కూడా ఓవర్‌టైముకు ఆ రెట్టింపు సూత్రాన్నే నిలుపుకుంది. ఇంటి దగ్గర చేసే విడిపనికి ఆ నియమం నేరుగా వర్తించదు, అయినా అలసిన మనిషి గంటకు ఎక్కువ విలువ ఉందని దేశం ఎప్పుడో ఒప్పుకుంది కాబట్టి, 125కూ 250కీ మధ్య ఏ అంకె చెప్పినా మీరు అత్యాశ పడినట్టు కాదు. నన్ను అడిగితే, మిగిలిన పనికి గంటకు 200 రూపాయలు, సామగ్రి ఖర్చు బిల్లుల ప్రకారం, యంత్రం అరుగుదలకు విడిగా కొంత అడగమంటాను. ఒక్క మినహాయింపు ఉంది. లారీ పనికి అలవాటుపడిన చెయ్యి సన్నరేకు మీద కుదురుకునేలోగా పడిన చిల్లులను మళ్లీ పూడ్చడానికి పట్టిన సమయాన్ని లెక్కలోంచి తీసేయండి. మీ అభ్యాసానికి ఆయన డబ్బు కట్టడం న్యాయం కాదు.

అయిపోయిన పనికి ఇదే రేటును వెనక్కి వర్తింపజేయడం నాకు సబబుగా తోచదు, ఎందుకంటే ధర తేల్చకుండా పని మొదలుపెట్టడంలో మీ ఇద్దరి పాత్రా ఉంది. అయితే షెడ్డు కూలి లెక్కనైనా 40 గంటలకు 5,000, సామగ్రికి 1,600, మొత్తం 6,600 అవుతుంది. కాబట్టి ఇంకా 2,600 రూపాయలు అడగండి. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని వల్ల మరొకరు లాభం పొందితే, ధర ముందుగా అనుకోకపోయినా పరిహారం ఇవ్వాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. బావగారి ముందు సెక్షన్లు వల్లించమని కాదు. మీరు అడుగుతున్నది దయ కాదన్న ధైర్యం మీకు ఉండాలని చెబుతున్నాను.

అడిగేటప్పుడు కాగితం మీద లెక్క రాసుకుని వెళ్లండి. ‘బావగారూ, మీరిచ్చినదాంట్లో సామాను పోగా నాకు గంటకు అరవై మిగిలింది, షెడ్డులో నూట పాతిక వస్తుంది, ఇదిగో లెక్క’ అని నెమ్మదిగా చెబితే చాలామంది పెద్దవాళ్లు సర్దుకుంటారు. బంధువు గనుక తగ్గించాలనిపిస్తే, మొదట పూర్తి మొత్తం చెప్పి, తర్వాత ఇంత తగ్గిస్తున్నానని పైకే చెప్పండి. మొహమాటంతో లోపలే తగ్గించుకున్నది ఎదుటివారికి కనబడదు, మరుసటిసారి అదే అసలు ధర అయి కూర్చుంటుంది.

మిగిలిన పనికి గుత్త ధర చెప్పకండి. పుట్టీ గీకకముందు తుప్పు ఎంత లోపలికి పాకిందో ఏ వెల్డరూ చెప్పలేడు. ముందుగా విప్పి గీకడానికి కొన్ని గంటలు అనుకుని, బయటపడినదాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, ఒక్కో భాగానికి అంచనా చెప్పండి. అంచనా దాటేలా ఉంటే పని ఆపి అడగండి. ఒక భాగం పూర్తికాగానే దాని డబ్బు తీసుకుని రెండోది మొదలుపెట్టండి. ఇలా అనడానికి కారణం ఉంది: బాగు చేయడానికి మన స్వాధీనంలో ఉంచిన వస్తువును, పని పూర్తిచేశాక కూలి ముట్టేవరకు అట్టిపెట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ఇస్తుంది గానీ, కారు ఆయన ఇంట్లోనే ఉన్నప్పుడు మీకు ఆ పట్టు ఉండదు.

డిక్కీ నేల అతికేముందు పెట్రోలు ట్యాంకును పూర్తిగా విప్పి దూరంగా పెట్టించండి. ఖాళీ ట్యాంకు కదా అని వదిలేయకూడదు, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. బ్యాటరీ తీగలు విప్పాలి, సీట్లూ మ్యాట్లూ తీసేయాలి, మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. ఈ ఏర్పాట్లకు పట్టే సమయానికీ కూలి వేయండి. మరో సంగతి, అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. ముందు చక్రాల సస్పెన్షన్‌ను పట్టి ఉంచే టార్షన్ బార్ల (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీల) వెనుక చివరలు నేల కిందే బిగించి ఉంటాయి. ఆ చుట్టుపక్కల తుప్పు కనబడితే, డబ్బు చాలదని పైపైన అతుకు వేసి పుట్టీతో కప్పే పనికి ఎంత ఇచ్చినా ఒప్పుకోవద్దు. అందులో కూర్చునేది మీ అక్కాచెల్లెళ్లూ వాళ్ల పిల్లలూ.

ప్రశ్న: నా దగ్గర 1968లో రిజిస్టరైన ఫియట్ 1100 ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలని ఆశ. రేకు పనికి సాయంత్రాలు వచ్చే వెల్డర్ గంటల లెక్కన అడుగుతున్నాడు. పని సాగదీస్తాడని భయంగా ఉంది. గుత్తకే ఇవ్వడం మేలు కదా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ భయం అర్థమవుతుంది గానీ, గుత్తలో మీకు జరిగే నష్టమే పెద్దది. అనుకున్న మొత్తం అయిపోయాక లోపల మరింత తుప్పు బయటపడితే, కప్పేయడం తప్ప ఆ మనిషికి వేరే దారి ఉండదు. గంటల లెక్కే ఒప్పుకుని, ఒక్కో భాగానికి పై పరిమితి పెట్టండి, ప్రతి సాయంత్రం ఏం జరిగిందో ఇద్దరూ ఒక పుస్తకంలో రాసుకోండి. రేకు, గ్యాసు, డిస్కులు మీరే కొనిస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

వింటేజ్ మాటకొస్తే, 2021 జులైలో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. అంటే మీ వెల్డర్ ప్రతి ముక్కనూ పాత వంపులోనే వంచి, పాత అంచు దగ్గరే అతకాలి, దానికి గంటలు ఎక్కువే పడతాయి. కోయకముందు, అతికాక, ప్రైమర్ వేశాక ఫొటోలు తీసి పెట్టుకోండి. అసలు రూపం చెడలేదని చూపడానికి అవి మీకూ, ఎన్ని గంటలు ఎందుకు పట్టాయో చూపడానికి అతనికీ పనికొస్తాయి.