మణికట్టులో ప్లేటు ఉంటే వేళ్లు కదపకూడదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. కల్లాపి చల్లిన వాకిట్లో జారి, కుడి చెయ్యి ఆనించి పడింది. మణికట్టు విరిగితే ప్లేటు వేశారు. మూడు వారాలైంది. ప్లేటు కదులుతుందన్న భయంతో వేళ్లు కూడా ముడవడం లేదు. తర్వాత దాన్ని తీయించాలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈరోజే వేళ్లు కదిలించమనండమ్మా. ప్లేటు వేసేదే అందుకు! ఇప్పుడు ఎక్కువగా వాడే ప్లేట్లలో స్క్రూ తల ప్లేటు రంధ్రంలోనే మర బిగించినట్టు బిగుసుకుంటుంది. అందుకే గుల్లబారిన ఎముకనైనా పట్టి ఉంచుతుంది. వేళ్లు ముడిస్తే ఊడిపోదు. కదపకపోతేనే బిగుసుకుపోతాయి. నా దగ్గరికి అలా వచ్చినవాళ్లలో కొందరికి అన్నం ముద్ద కలపడానికే నెలలు పట్టింది. పిడికిలి పూర్తిగా మూసి తెరవాలి, బొటనవేలిని చిటికెనవేలి మొదలుకు తాకించాలి. రోజుకు చాలాసార్లు. బిందె ఎత్తడం మాత్రం ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాకే.

ప్లేటు సాధారణంగా తీయనక్కర్లేదు. ఎన్నాళ్లకైనా బొటనవేలు వంచేటప్పుడు టిక్కుమన్నా, నొప్పి వచ్చినా వెంటనే చూపించండి. ప్లేటు అంచుకు ఆ వేలిని వంచే తాడులాంటి స్నాయువు ఒరుసుకుని తెగే ప్రమాదముంది.

నాకు అసలు టెన్షన్ వేరే. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే, ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా పరీక్ష చేయించాల్సిందే. ఈసారి వెళ్లినప్పుడు మీరే గుర్తుచేసి అడగండి.