ఆసియా చరిత్రలో పీహెచ్‌డీ: టాపిక్ కన్నా ముందు భాష

"ఆసియా చరిత్రలో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను, టాపిక్ ఎలా ఎంచుకోవాలి?" అని అడిగారు. టాపిక్ సంగతి కాస్త పక్కన పెట్టండి. ఏ భాషలో పాత కాగితాలు చదవగలరో ముందు చూసుకోండి. అది తేలితే టాపిక్ దానంతట అదే దొరుకుతుంది.

నేను పనిచేసింది మొఘలుల కాలం మీద. అచ్చు పుస్తకాల్లో పారశీకం బాగానే చదివేదాన్ని. ఒకరోజు మా గురువుగారు 17వ శతాబ్దపు భూమి అమ్మకం పత్రం నకలు నా ముందు పెట్టి "చదవమ్మా" అన్నారు. అది షికస్తా, అంటే గొలుసుకట్టు రాత. ఆ లిపిలో బ, ప, త లకు తేడా చుక్కల్లోనే ఉంటుంది. రాసినాయన ఆ చుక్కలే పెట్టలేదు, పైగా కలపకూడని అక్షరాలన్నీ కలిపేశాడు. ఎంత చూసినా ఒక్క ముక్క అర్థం కాలేదు. గురువుగారు మాత్రం తాపీగా, "సొమ్ము ఎంతో రాసినచోటు వెతుకు. పక్కనే అందులో సగం ఎంతో కూడా రాసి ఉంటుంది" అన్నారు. తర్వాత ఎవరూ అంకె దిద్దకుండా అప్పట్లో అలా రాసేవారు. సగం దొరికింది, దాన్నిబట్టి మొత్తం తేలింది, ఆ వాక్యం ముడి విడింది. సాయంత్రానికి చదివింది కొన్ని పంక్తులే అయినా, అంత సంతోషం నాకు ఏ సెమినార్‌లోనూ కలగలేదు.

"ఇంగ్లిష్ అనువాదాలున్నాయిగా" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అనువాదమైనవి ఎక్కువగా దర్బారు చరిత్రలే. ఇలాంటి పత్రాలను ఎవరు అనువదించారు? ఒక్క భాషతో సరిపెట్టుకున్నా ఇబ్బందే. శ్రీలంకలోని గాలెలో దొరికిన, చైనా నౌకాదళ నాయకుడు జెంగ్ హీ వేయించిన శాసనం చూడండి. 1409 నాటిది, ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది. అందులో చైనీస్ భాగం కానుకలు బుద్ధుడికి అంటుంది, తమిళ భాగం విష్ణువుకు అంటుంది, పారశీక భాగం ఇస్లాం పేరు చెబుతుంది. చైనీస్ ఒక్కటే వచ్చినవాళ్లు దాన్ని బౌద్ధ శాసనమనే రాస్తారు.

ఈమధ్య థీసిస్ తెరిస్తే సగం థియరీయే. మూలపత్రం ఒక్కటీ కనబడదు. దీన్ని ఏ గైడూ ఎందుకు ఆపడంలేదో నాకు అర్థం కాదు.

పాత రాత పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఎంఏలో ఉండగానే మొదలుపెట్టండి. గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని పత్రాలు చదివిస్తారా లేదా అని ఆయన దగ్గర చదివినవాళ్లనే అడగండి. చదివించరని తెలిస్తే ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా చేరకండి.