నేలవేము నుంచి ఆండ్రోగ్రాఫోలైడ్: స్ఫటికాలు ఆకుపచ్చగా ఎందుకు వస్తున్నాయి?

నేలవేము ఆకులోని చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్‌ను స్ఫటికాలుగా తీసేటప్పుడు అవి ఆకుపచ్చగా వస్తే, ఆ రంగు ఆకులోని క్లోరోఫిల్‌ది. తెల్లటి స్ఫటికాలు కావాలంటే, స్ఫటికీకరణకు ముందే దాన్ని కడిగేయాలి.

అసలు పొరపాటు చాలాసార్లు కొనేటప్పుడే జరుగుతుంది. చెన్నైలో నాటుమందుల కొట్టులో 'నిలవేంబు' (నేలవేముకు తమిళ పేరు) అని అడిగితే కుడినీర్ చూర్ణం, అంటే కషాయం కాచుకునే పొడి, చేతిలో పెడతారు. అందులో తొమ్మిది మూలికలుంటాయి, మీ పనికి పనికిరాదు. ఒట్టి ఎండాకు అడిగి తీసుకోండి, కాడలు ఏరేయండి. ఆండ్రోగ్రాఫోలైడ్ ఎక్కువగా ఉండేది ఆకులోనే. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి 40 డిగ్రీల ఓవెన్‌లో మరోసారి ఆరబెట్టాకే పొడి చేయండి.

100 గ్రాముల పొడిని డైక్లోరోమీథేన్, మిథనాల్ సమపాళ్లలో కలిపిన 500 మి.లీ. ద్రావణంలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. అదే పిప్పిని ఇంకో రెండుసార్లు ఇలాగే నానబెట్టి వడకట్టాలి. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటకు లాగేసే గూడు) తప్పనిసరి. తర్వాత వడకట్టిన ద్రవాన్ని రోటావేపర్‌లో (ద్రావణిని ఆవిరి చేసి తీసేసే పరికరం) ఆవిరి చేయాలి. దాని కండెన్సర్‌కు (ఆవిరిని చల్లబరిచే గొట్టం) చెన్నై కుళాయి నీళ్లు పెడితే డైక్లోరోమీథేన్ సగం గాలిలోకే పోతుంది (అది మరిగేదే 40 డిగ్రీల దగ్గర). ఐసు నీళ్లు తిప్పండి.

మిగిలిన ముద్దను టోలుయిన్‌తో, 50 మి.లీ. చొప్పున, కడిగిన ద్రవంలో రంగు దిగనంతవరకు కడగండి. రంగు అందులోకి దిగిపోతుంది, ఆండ్రోగ్రాఫోలైడ్ దాదాపు కరగదు. తర్వాత వీలైనంత తక్కువ వేడి మిథనాల్‌లో కరిగించి, వేడిమీదే వడకట్టి, మెల్లగా చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మిథనాల్ ఎక్కువైతే స్ఫటికాలు రావు. తొందరపడి ఒక్కసారిగా చల్లబరిస్తే మలినాలు లోపలే చిక్కుకుంటాయి.

టీఎల్‌సీలో (పలుచని పొరపై పదార్థాలను మచ్చలుగా విడదీసే పరీక్ష) ఒకే మచ్చ కనబడింది కదా అని ఆగొద్దు. జీవకణాలపై పరీక్షకైతే హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమాన్ని విడదీసి శుద్ధతను కొలిచే యంత్ర పరీక్ష) శుద్ధత చూడాల్సిందే.