కలకత్తా వెళ్తున్న మా గుంటడికి

ఒరే గుంటడా,

నిన్న నువ్వు ఫోన్లో "మామయ్యా, నేనూ వాడూ జనవరిలో కలకత్తా వెళ్తున్నాం, మూడు రోజులు, తక్కువ ఖర్చులో అయిపోవాలి" అన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. సంతోషమా అంటే సంతోషమే, భయమా అంటే అదీ ఉంది. నీ వయసులో నాకు, మగాడినై ఉండి మగాణ్ణే ఇష్టపడుతున్నానన్న సంగతి చెప్పుకోవడానికి చుట్టాల్లో ఒక్కడు కూడా లేడు. నీకు నేనున్నాను, కాబట్టి నా నస భరించాల్సిందే. ఫోన్లో అన్నీ మాట్లాడలేను, పర్లాకిమిడిలో మా ఇంటి గోడలు ఎంత పలచనో నీకు తెలుసు, ఈ వైపు దగ్గితే ఆ వైపు వాళ్ళు మందు చెప్తారు. అందుకే రాస్తున్నాను. సగం చదివి బొటనవేలి బొమ్మ పంపి ఊరుకున్నావంటే నీతో మాట్లాడను.

మొదట గోవా అనుకున్నారట. మానేసి మంచి పని చేశారు. అక్కడ మీ జీతాలు ఒక్క రోజుకి చాలవు. బరంపురం నుంచి కలకత్తా 600 కిలోమీటర్లు, రాత్రి ఎక్కితే పొద్దున దిగిపోవచ్చు, చలికాలం కాబట్టి స్లీపర్ చాలు, ఏసీ దండగ. కోరమాండల్ ఎక్కేట్టయితే అది ఇప్పుడు హౌరా వెళ్ళదు, షాలిమార్‌లోనే ఆగిపోతుంది, టికెట్ తీసేముందు చూసుకో. దుప్పటి, గొలుసు తాళం, ఒక పూటకి పులిహోర. రైలు సంగతి అంతే.

కాదు, ఇంకొకటి ఉంది. ఖరగ్‌పూర్ దాటేదాకా ఇద్దరూ కాస్త ఒద్దికగా కూర్చోండి. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మన గంజాం వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు ఆ ఊళ్ళో వర్క్‌షాపులో చేరి అక్కడే ఉండిపోయారు, స్టేషన్లో కళ్ళు మూసుకుని నిలబడితే విజయనగరంలో ఉన్నావో ఖరగ్‌పూర్‌లో ఉన్నావో తెలీదు. మీ నాన్న వైపు వాళ్ళు కూడా ఉన్నారు. బెంగాలీవాడికి నువ్వెవరో అక్కర్లేదు, వాడి రాజకీయం, వాడి ఫుట్‌బాల్ వాడికి చాలు. మన తెలుగువాడు మాత్రం "ఎవరబ్బాయివి బాబూ" అని మొదలుపెట్టి మీ తాత పేరు తేలేదాకా వదలడు. నాకు ఆ ఊళ్ళో దొంగలంటే లేని భయం మనవాళ్ళంటే ఉంది.

గది సడ్డర్ స్ట్రీట్ చుట్టుపక్కల చూడు. ఇండియన్ మ్యూజియం పక్కనే. ఏళ్ళ తరబడి ఫారినర్లనీ, బంగ్లాదేశ్ వాళ్ళనీ, అన్ని రకాల మనుషుల్నీ చూసీ చూసీ అక్కడి లాడ్జీల వాళ్ళు దేనికీ ఆశ్చర్యపోరు. మరీ చవకది తీసుకోకు, నల్లులుంటాయి, పరుపు ఎత్తి చూశాకే డబ్బు కట్టు. డబుల్ బెడ్ గది ఒకటి ఆన్‌లైన్లోనే ఇద్దరి పేర్లతో బుక్ చేసెయ్. ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా 'హోటల్ గది కోసం' అని రాసి తేదీ వెయ్యి. కౌంటర్ దగ్గర అడిగిన కాగితం ఇవ్వాలి, చూపించిన చోట సంతకం పెట్టాలి, తాళం తీసుకుని మెట్లెక్కాలి. నోరు మాత్రం విప్పకూడదు.

ఎందుకంటున్నానో చెప్తాను, ఇది ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నేనూ ఒకప్పుడు ఇలాగే నాకిష్టమైన మనిషితో కలకత్తా వెళ్ళాను. అతన్ని నువ్వు చూశావు. నీ చిన్నప్పుడు పండక్కి మా ఇంటికి అప్పడాల కట్ట పట్టుకొచ్చేవాడు, ఆస్కా వైపు ఒడియా మనిషి, బరంపురంలో పట్టుచీరల కొట్లో చేసేవాడు, తెలుగు నీకంటే శుభ్రంగా మాట్లాడతాడు. నాకప్పుడు రైల్వేలో కొత్తగా ఉద్యోగం, పాస్ ఉంది, అతనికి టికెట్ కొన్నాం. అతను కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. విక్టోరియా మెమోరియల్, ట్రాము, మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, అన్నీ చిన్న కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

లాడ్జి కౌంటర్లో ఒక ముసలాయన. బొటనవేలికి రబ్బరు తొడుగు పెట్టుకుని నోట్లు లెక్కపెడుతున్నాడు. తల ఎత్తకుండానే "కోతో దిన్?" అన్నాడు, ఎన్ని రోజులని. అడిగింది అంతే. నేను నోరు తెరిచే లోపల మావాడు హిందీలో "హమ్ దోనో భాయ్ హై, ఏక్ హీ ఘర్ కా" అనేశాడు, ఇద్దరం అన్నదమ్ములం, ఒకే ఇంటివాళ్ళం అని. నోట్ల మీద వేలు ఆగిపోయింది. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు, అతన్ని చూశాడు, రిజిస్టర్ మా వైపు తిప్పాడు. అందులో తండ్రి పేరు గడి ఉంది. నేను మా నాన్న పేరు రాశాను, అతను వాళ్ళ నాన్న పేరు రాశాడు. పక్కా తెలుగు పేరొకటి, దాని కింద పక్కా ఒడియా పేరొకటి. ఇంటిపేర్లు కూడా కలవలేదు. ముసలాయన ఏమీ అనలేదు, తాళం ఇచ్చాడు.

రాత్రి పదింటికి తలుపు కొట్టారు. ఇద్దరు, ఒకడు లాడ్జి మనిషే, రెండోవాడు మఫ్టీలో పోలీసునన్నాడు. నిజంగా పోలీసో కాదో ఇప్పటికీ తెలీదు. రిజిస్టర్ చంకలో పెట్టుకొచ్చారు. అన్నదమ్ములైతే తండ్రులు ఇద్దరెందుకున్నారు, ఊళ్ళు వేరెందుకున్నాయి, ఇళ్ళకి టెలిగ్రాం కొట్టమంటారా, స్టేషన్‌కి వస్తారా అని మొదలుపెట్టారు. అప్పట్లో సెక్షన్ 377 ఉండేది, మగాళ్ళిద్దరి సంబంధాన్ని నేరంగా చూసిన 1860 నాటి చట్టం, పదేళ్ళ దాకా జైలు గానీ యావజ్జీవం గానీ వెయ్యొచ్చు. నాకు కొత్త ఉద్యోగం. మేం ఏ వాదనా పెట్టలేదు. ఉన్న డబ్బు, నా చేతి గడియారం, అతని ఉంగరం తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరుంటారు? సంచీ తీసుకుని రోడ్డున పడి నడుచుకుంటూ హౌరా వచ్చి, తెల్లారేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుని, దొరికిన మొదటి బండి ఎక్కేశాం. అతని టికెట్‌కి డబ్బుల్లేక, నాకు తెలిసిన గార్డుని బతిమాలి ఎక్కించాను. కలకత్తాలో మేం చూసింది హౌరా బ్రిడ్జి ఒక్కటే, అది కూడా చీకట్లో.

నాకు మండేది ఎక్కడంటే, ఈ దేశంలో ఇద్దరు మగాళ్ళు ఒక గది తీసుకుంటే పట్టించుకునేవాడెవడు? ఆడా మగా వెళ్తే పెళ్ళయిందా, సర్టిఫికెట్ ఉందా అని నిలదీస్తారు గానీ, పరీక్షలకి, ఆసుపత్రులకి, సరుకు కొనడానికి వచ్చిన మగాళ్ళు ఒక్క గదిలో నలుగురు పడుకుంటారు, రూమ్‌బాయ్ కూడా వింతగా చూడడు. మమ్మల్ని ఆ ముసలాయన అసలు చూడనేలేదు. మేమే చూసేలా చేశాం. అతను ఇప్పటికీ దసరాకి ఫోన్ చేస్తాడు, మనవళ్ళ కబుర్లు చెప్తాడు. ఎప్పుడైనా ఆ మాట వస్తే "ఆయన అడిగాడు కదా" అంటాడు. అడగలేదురా! ఎన్ని రోజులని అడిగాడు. దీని మీద మేం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు రోజులు వేరు, నాకు తెలుసు, నీ ఉపన్యాసం నాకు అక్కర్లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ ఇష్టపూర్వకంగా ఉన్న ఇద్దరు పెద్దవాళ్ళకి వర్తించదని చెప్పింది, 2024 జూలై నుంచి నడుస్తున్న కొత్త శిక్షాస్మృతి, న్యాయ సంహితలో అయితే అది అసలు లేనే లేదు. పెళ్ళికి మాత్రం 2023లో ఒప్పుకోలేదు. కాబట్టి మీ గదిలో మీరుండటం నేరం కాదు, బెదిరించి డబ్బు గుంజడం నేరం, దానికి కొత్త చట్టంలో 308 సెక్షన్ ఉంది. ఎవడైనా తలుపు కొట్టి వేషాలేస్తే తలుపు తియ్యకుండా 112కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు చెయ్యి. ఎంత రాత్రయినా సరే. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఒకసారి ఇస్తే మళ్ళీ వస్తారు.

ఫోన్లో పరిచయాల యాప్‌లు ఉంటాయట కదా, ఆ మూడు రోజులూ అవి తీసి పారెయ్. నీ పక్కన మనిషి ఉన్నాడుగా, ఇంకెందుకు? కొత్తవాళ్ళతో స్నేహం కుదిరి కలవాల్సి వస్తే పది మంది ఉండే కాఫీ కొట్లో పగలు కలవండి, గదికి రానివ్వొద్దు. ఇలా పిలిచి ఫోటోలు తీసి దోచుకునే ముఠాలున్నాయని పేపర్లో చదువుతూనే ఉన్నాను. వాట్సాప్ స్టేటస్ కూడా ఇంటికి వచ్చాక ఆలోచించి పెట్టుకో. మీ పెద్దత్త అన్ని స్టేటస్‌లూ చూస్తుంది.

సరే, భయపెట్టడం అయింది. ఊరి సంగతి చెప్తాను.

మమ్మల్ని అర్ధరాత్రి రోడ్డు మీదికి గెంటిన ఆ ఊళ్ళోనే 1999 జూలై 2న మనలాంటి వాళ్ళు 15 మంది దాకా కలిసి వీధిలో నడిచారు. దేశంలో మొట్టమొదటి ప్రైడ్ వాక్ అదే. ఢిల్లీ కాదు, బొంబాయి కాదు. సరిగ్గా పదేళ్ళకి అదే తేదీన, 2009 జూలై 2న, ఢిల్లీ హైకోర్టు మనవైపు తీర్పిచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసిందనుకో, మళ్ళీ 2018 దాకా ఎలాగో గడిచింది. ఇప్పుడు ఆ నడక ఎక్కువగా డిసెంబర్‌లో పెడుతున్నారు, మీరు జనవరి అన్నారు కాబట్టి అందదు. పోనీ, క్రిస్మస్ రద్దీలో గదుల రేట్లు మండిపోతాయి, మీదే తెలివైన పని.

నేను రిటైరయ్యాక ఒక్కణ్ణే వెళ్ళి ఊరంతా తిరిగొచ్చాను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా. హౌరాలో దిగగానే టాక్సీవాళ్ళ అరుపులు పట్టించుకోకుండా ఘాట్‌కి నడిచి ఫెర్రీ ఎక్కండి, చిల్లర డబ్బులతో హుగ్లీ దాటేస్తారు, బ్రిడ్జి మొత్తం కనపడుతుంది. 1943లో తెరిచారు, నదిలో ఒక్క స్తంభం లేదు, నట్లూ బోల్టులూ లేకుండా రివెట్లతో కట్టింది. వచ్చేటప్పుడు మెట్రోలో రండి, అది నది కిందనుంచి వస్తుంది, 2024లో మొదలైంది, దేశంలో అలాంటిది అదే మొదటిది. బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ పూల బజారుకి తెల్లారకముందే వెళ్ళాలి. బంతిపూల దండలు చుట్టలు చుట్టి మెడ నిండా వేసుకుని కూలీలు పరిగెడుతుంటారు, తప్పుకోవాల్సింది మనమే, వాళ్ళు ఆగరు. కింద తొక్కిన పూలు, నీళ్ళు, బురద. రబ్బరు చెప్పులతో వెళ్ళకు, జారిపడతావు, నేను పడ్డాను.

సోమవారం మ్యూజియం మూసేస్తారు, విక్టోరియా లోపల గ్యాలరీలూ అంతే, రోజులు చూసుకుని పెట్టుకోండి. మ్యూజియం 1814లో పుట్టింది, భర్హుత్ అనే పాత బౌద్ధ స్తూపం రాతి కంచె అక్కడే ఉంది, మమ్మీ దగ్గర గుంపుగా ఉంటారు గానీ కంచె దగ్గర ఎవరూ ఉండరు, తీరిగ్గా చూడొచ్చు. ట్రాములు 1873లో గుర్రాలతో మొదలయ్యాయి, ఇప్పుడు ఒకటి రెండు దారుల్లోనే మిగిలాయి, ఉండగానే ఎక్కేయండి. గ్రేట్ ఈస్టర్న్ హోటల్ అని 1840ల నాటిది ఉంది, ఇప్పుడు లలిత్ హోటళ్ళ వాళ్ళది, ఆ ఇంటి అబ్బాయి కేశవ్ సూరి 377 కేసు వేసినవాళ్ళలో ఒకడు. గది అద్దె మనకి అందదు. ఒక్క టీ తాగి రండి, ధర చూసి కప్పు కింద పెట్టెయ్యకు.

నాకు అన్నిటికంటే నచ్చింది సౌత్ పార్క్ స్ట్రీట్ స్మశానం. నవ్వితే నవ్వు. 1767లో మొదలైంది, రావిచెట్లు, నాచు పట్టిన పిరమిడ్లు, సంస్కృతం నేర్చిన ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ సమాధి సూదిలా పైకి లేచి ఉంటుంది. చార్లెస్ స్టువర్ట్ అని ఒక తెల్లవాడు, రోజూ గంగాస్నానం చేసేవాడట, సమాధి కూడా గుడి ఆకారంలోనే ఉంటుంది. అక్కడ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. కుర్ర జంటలు వస్తూపోతూ ఉన్నారు, ఎవరూ ఎవరి జోలికీ పోలేదు. మీరూ కూర్చోండి. భుజం మీద చెయ్యి వేసుకుని నడవండి, మన దేశంలో మగాళ్ళకి ఆ ఒక్క సౌకర్యం ఎప్పుడూ ఉంది. అంతకు మించి వీధిలో వద్దు, నాకోసం.

తిండికి ఖర్చు కాదు. కాఠీ రోల్, బంగాళాదుంప వేసిన బిర్యానీ, జనవరి కాబట్టి కొత్త బెల్లంతో చేసే సందేశ్ మిఠాయి. కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో ఒక్క కాఫీ చెప్పి ఎంతసేపు కూర్చున్నా లేపరు. అన్నీ కలిపి ఇద్దరికీ గోవాలో ఒక్క రోజు ఖర్చు కూడా అవదు.

ఆ అబ్బాయి కాస్త భయస్తుడన్నావు. రాయగడ నుంచి మొదటిసారి అంత పెద్ద ఊరు వెళ్తున్నాడు కదా, నీ హడావుడితో వాణ్ణి పరిగెత్తించకు, అలసిపోతే ఒక పూట గదిలో పడుకోనియ్. కౌంటర్ దగ్గర మాత్రం వాణ్ణి వెనక నిలబెట్టు. భయస్తులే ముందు మాట్లాడేస్తారు.

టికెట్ తీశాక పీఎన్ఆర్ పంపు. నీ ఖాతాలో మూడు వేలు వేస్తున్నాను, ఇది రోల్స్‌కి కాదు, గదికి, బాత్రూం లోపలే ఉన్న గది తీసుకోండి. మీ అమ్మ ఎక్కడివని అడిగితే మామయ్య పుస్తకాలు కొనమని ఇచ్చాడని... వద్దులే. ఏమీ చెప్పకు. అది అడగదు.

మీ మామయ్య