క్లౌడ్ నైన్ కథ సరే, ఆ పర్మిషన్ దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతూ రోజుకో ఇంగ్లిష్ ఇడియం చెప్పే ఆప్ వేసుకుంది. పట్టరాని సంతోషంలో ఉన్నవాళ్లను ‘ఆన్ క్లౌడ్ నైన్’ అంటారని, అది 1896 నాటి మబ్బుల అట్లాస్ నుంచి వచ్చిందని అందులో ఉంది. ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే ఒకసారి అదే చెప్పింది, ఇంకోసారి పాత రేడియో నాటకం నుంచి వచ్చిందంది. ఏది నమ్మాలి? అన్నట్టు, ఆ ఆప్ యాక్సెసిబిలిటీ ఆన్ చేయమని పదే పదే అడుగుతోంది. చేయొచ్చా? – ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: చివర్లో ‘అన్నట్టు’ అని అడిగారు చూడండి, అసలు ప్రశ్న అదే. చేయొద్దు. ఎందుకో చెప్పేముందు మబ్బుల సంగతి తేల్చేద్దాం. ఇలాంటి ‘ఏఐ రెండు రకాలుగా చెబుతోంది’ ఉత్తరాలు ఈమధ్య తెగ వస్తున్నాయి.

అట్లాస్ నిజమే. 1896లో అచ్చయిన అంతర్జాతీయ మేఘాల అట్లాస్ మబ్బుల్ని పది రకాలుగా విడదీసింది. తొమ్మిదోది క్యుములోనింబస్, అంటే ఆకాశంలో చాలా ఎత్తుకు లేచే ఉరుముల మబ్బు. దానిమీద కూర్చుంటే ఇక సంతోషానికి కొదవేముంది! అంకె అతికినట్టు సరిపోయింది కాబట్టి కథ నిలిచిపోయింది. కానీ 1935లో అచ్చయిన ఓ అమెరికన్ స్లాంగ్ నిఘంటువులో ఉన్నది ‘క్లౌడ్ ఎయిట్’. దానికిచ్చిన అర్థం సంతోషం కూడా కాదు, తాగి మైకంలో ఉండటం. 1950లలో ‘క్లౌడ్ సెవెన్’ కూడా వాడుకలో ఉంది. తొమ్మిది అట్లాస్ నుంచే వస్తే జనం ఏడులో, ఎనిమిదిలో ఎందుకు తిరిగినట్టు? అట్లాస్ కంటే ఎంతో ముందు నుంచీ ఇంగ్లిష్‌లో పరమానందానికి ‘సెవెంత్ హెవెన్’ అనే మాట ఉండనే ఉంది. రేడియో నాటకం ఆ మాటను ఊరూరా తిప్పి ఉండొచ్చు, పుట్టించిందనడానికి రుజువు లేదు. అంకె అటూ ఇటూ మారి తొమ్మిది దగ్గర కుదురుకుంది. అంతకుమించి గట్టిగా చెప్పేవాళ్ల దగ్గర ఆధారం అడగండి.

చాట్‌బాట్ పాత పుస్తకాలు తిరగేసి చెప్పదు. ఒకదాన్ని చూసి ఒకటి కాపీ కొట్టిన వంద పేజీల్లో ఏది ఎక్కువగా ఉంటే అదే దాని నోట వస్తుంది. ‘అట్లాస్ నుంచే కదా?’ అని అడిగితే చాలాసార్లు అవునంటుంది. నా కోపం మాత్రం ఆ డిజైన్ చేసినవాళ్ల మీద. సెర్చ్ పేజీ నెత్తిన పెద్ద పెట్టెలో తీర్పు ఇచ్చేసి, ఆధారం లింకును చీమ తలకాయంత గుర్తులో దాచేస్తారు. ‘దీనిమీద వివాదం ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? మీ అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే గూగుల్ బుక్స్‌లో ఆ మాటను కోట్స్‌లో పెట్టి, 1950కి ముందు తేదీలు ఇచ్చి వెతకమనండి. పత్రికల విషయంలో మాత్రం అక్కడ కనిపించే సంవత్సరాన్ని నమ్మొద్దు. కొన్నిసార్లు పత్రిక మొదలైన ఏడాదిని చూపిస్తుంది. పేజీ తెరిచి సంచిక తేదీ చూసుకోవాలి.

ఇక ఆ పర్మిషన్. యాక్సెసిబిలిటీ సర్వీస్ ఉన్నది చూపు లేనివాళ్ల కోసం, చేతులు సహకరించనివాళ్ల కోసం. అందుకే అది స్క్రీన్ మీదున్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. వచ్చిన ఓటీపీ, బ్యాంక్ బ్యాలెన్స్, వాట్సాప్‌లో అమ్మ పెట్టిన మెసేజ్, అన్నీ దాని కళ్లముందే. రోజుకో ఇడియం చెప్పడానికి నోటిఫికేషన్ పర్మిషన్ చాలు. అంతకుమించి అడిగిందంటే దాని చూపు మీ డబ్బు మీదో డేటా మీదో ఉందనుకోండి.

మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ‘కంటిన్యూ’ పచ్చగా స్క్రీన్ అంత ఉంది. ‘తర్వాత’ అన్నది బూడిద రంగులో, భూతద్దం పెడితే గానీ కనబడదు. ఆప్‌ను ప్లే స్టోర్ నుంచి కాకుండా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌తో (ఆప్‌ను స్టోర్ లేకుండా నేరుగా ఫోన్‌లో వేసే ఫైల్) వేసుకుంటే మరీ ప్రమాదం. ట్రాఫిక్ చలానా పేరుతో మన రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతున్న మోసం ఇలాంటి ఫైళ్లతోనే. ఆండ్రాయిడ్ 13 నుంచి అలా వేసుకున్న ఆప్‌లకు ఈ సెట్టింగ్‌ను ఫోనే అడ్డుకుంటుంది. అప్పుడు ‘ఆప్ ఇన్ఫోలోకి వెళ్లి, మూడు చుక్కలు నొక్కి, రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అలౌ చేయండి’ అని బొమ్మలేసి మరీ నేర్పిస్తారు. గోడ ఎలా దూకాలో నేర్పే ఆప్‌ను ఇంకో నిమిషం ఉంచకండి.

ఒకవేళ ఇప్పటికే ఆన్ చేసి ఉంటే ముందు వైఫై, మొబైల్ డేటా ఆపేయండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ ఆఫ్ చేసి, డివైస్ అడ్మిన్ జాబితాలో (ఫోన్ మీద అదనపు అధికారం ఇచ్చిన ఆప్‌ల జాబితా) దాని పేరుంటే తీసేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న ఆప్‌లు నడవకుండా ఫోన్‌ను ఆన్ చేసే పద్ధతిలో, ప్రయత్నించండి. బ్యాంక్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనిపిస్తే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.